ఏం చేయాలి, ఎవరికి చేయాలి: హోసూరు కర్మాగారాల యాభై ఏళ్ల లెక్క

కంపెనీ రేపు ఏ వస్తువు తయారు చేయాలి, దాన్ని ఎవరు కొంటారు, ఎంత ధరకు కొంటారు, పోటీదారు ఊరుకుంటాడా అని ముందుగా వేసుకునే లెక్కే ఉత్పత్తి ప్రణాళిక. ఈ లెక్కకు ఒక పద్ధతి ఉండాలని ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో కొన్ని విశ్లేషణ చట్రాలు తయారయ్యాయి. సరుకు కొత్తదా పాతదా, బజారు కొత్తదా పాతదా అని నాలుగు గళ్లు గీసి చూపిన ఇగోర్ యాన్సాఫ్ పట్టిక 1957 నాటిది. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసుకునే స్వాట్ పద్ధతి 1960ల్లో అమెరికా బిజినెస్ స్కూళ్లలో కుదురుకుంది. 1970లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ తన పేరు మీద బీసీజీ పట్టికను ప్రచారంలోకి తెచ్చింది. 1979లో మైకేల్ పోర్టర్ అయిదు శక్తుల సిద్ధాంతం వచ్చింది. ప్రత్యర్థులు, కొత్తగా దిగేవాళ్లు, ప్రత్యామ్నాయ సరుకులు, ముడిసరుకు ఇచ్చేవాళ్లు, కొనేవాళ్లు అనే అయిదు వైపుల నుంచీ కంపెనీ లాభాన్ని ఎవరెంత లాక్కుంటున్నారో చూడమన్నాడాయన.

ఈ చట్రాలు నిజం బజారులో ఎక్కడ అక్కరకొచ్చాయో, ఎక్కడ తప్పుదారి పట్టించాయో చూడటానికి హోసూరును మించిన చోటు దక్షిణాదిలో తక్కువ. మోపెడ్, చేతి గడియారం, బంగారు నగ, మోటార్‌సైకిల్, ఎలక్ట్రిక్ స్కూటర్ అన్నీ అరవై కిలోమీటర్ల పరిధిలోనే, అర్ధ శతాబ్దంలోనే పుట్టాయి. కొన్ని నిలిచాయి, కొన్ని పోయాయి. అయితే కంపెనీల పెద్దలు ఆనాడు పోర్టర్ వ్యాసం ముందు పెట్టుకుని నిర్ణయాలు తీసుకున్నారని అనుకోకూడదు. చాలా నిర్ణయాలు లైసెన్సుల కోసం, విదేశీ మారకం కోసం, భాగస్వామి పట్టుదల వల్ల జరిగాయి. చట్రాలు ఇక్కడ పనికొచ్చేది జరిగినదాన్ని విడమరచి చూడటానికి.

మొరసునాడుగా పేరుపడ్డ ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఇంటి భాషలే. హోసూరు, డెంకణికోట వైపు పల్లెల్లో తెలుగు గట్టిగా వినిపిస్తుంది. మొదట సేలం జిల్లాలో, 1965 నుంచి ధర్మపురి జిల్లాలో ఉన్న ఈ తాలూకాలతో 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. ఫ్యాక్టరీలకు ముందు హోసూరులో చెప్పుకోదగ్గ సంస్థ పశువుల ఫారం ఒక్కటే. ఈస్టిండియా కంపెనీ 1824లో సైన్యానికి గుర్రాల కోసం దాన్ని పెట్టింది. 1970ల్లో తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ ఇక్కడ పారిశ్రామికవాడ వేసింది. వెనుకబడిన జిల్లా కావడంతో పెట్టుబడి రాయితీలు దొరికాయి. భూమి చవక. బెంగళూరు 40 కిలోమీటర్లే. అక్కడి యంత్ర పరికరాల కంపెనీలు, నిపుణులు, విమానాశ్రయం చేతికందే దూరంలో ఉండగా రాయితీ మాత్రం తమిళనాడుది. ఒక ఊరికి స్వాట్ రాస్తే ఇంత సూటిగా తేలే సందర్భాలు అరుదు.

ఇక్కడ మొదట గట్టిగా నిలిచింది ఒక చిన్న బండి. మదురైలో 1911లో మొదలైన టీవీఎస్ కుటుంబానికి చెందిన సుందరం క్లేటన్, బ్రేకుల తయారీ సంస్థ. అది హోసూరులో మోపెడ్ విభాగం పెట్టి 1980లో టీవీఎస్ 50ని బయటికి తెచ్చింది. అప్పటికే బజారులో కైనెటిక్ వారి లూనా ఉంది. తెలుగునాట మోపెడ్‌ను లూనా అనే పిలిచేంతగా ఉంది. టీవీఎస్ చూసింది లూనా ఇవ్వని ఒక్క సంగతి: ఇద్దరు కూర్చునే మోపెడ్. వెనక భార్యో, పాల క్యానో, ఎరువు బస్తానో లేకుండా పల్లెటూరి మనిషి బండెక్కే రోజు ఉండదు. 50 సీసీ ఇంజిన్‌తోనే ఆ బరువు లాగించడం ఇంజనీర్ల సమస్య. ఆ బరువు వేసేవాడే తమ కొనుగోలుదారు అని తేల్చుకోవడం ప్రణాళిక. ఇందులో రెండోదే కష్టం. ఎందుకంటే దానికోసం స్కూటర్ కొనగలిగిన పట్నం ఉద్యోగిని వదిలేయాలి.

అదే సంస్థ తర్వాతి అడుగు వేరు. జపాన్ సుజుకీతో చేతులు కలిపి 1984లో ఇండ్-సుజుకీ ఏఎక్స్ 100ను తెచ్చింది. భారత-జపాన్ పొత్తులో వచ్చిన తొలి 100 సీసీ మోటార్‌సైకిల్ అదే. తేలిక బండి, చురుకైన టూ స్ట్రోక్ ఇంజిన్. మరుసటి ఏడే హీరో హోండా ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌తో సీడీ 100ను తెచ్చి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న ఒక్క ప్రశ్న మీదే ప్రచారమంతా నడిపింది. పెట్రోలు ధర చూసి బండి కొనే దేశంలో ఆ ప్రశ్నకు ఎదురులేదు. భాగస్వామి దగ్గర ఏ సాంకేతికత ఉందో అదే మన బలమని రాసుకుంటే స్వాట్ పట్టికలో గడి నిండుతుంది. కొనేవాడు అడిగేది ఆ గడిలో ఉండదు.

గడియారం కథ మరింత విశదం. 1961 నుంచి బెంగళూరులో సిటిజన్ సాయంతో గడియారాలు చేస్తున్న ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎంటీకి అప్పట్లో ఎదురే లేదు. హైదరాబాద్‌లో ఆల్విన్ జపాన్ సీకో సాయంతో రంగంలోకి దిగింది. మరోవైపు దొంగదారిన వచ్చిన విదేశీ గడియారాల బజారు వేరే నడిచేది. టాటా ప్రెస్‌లో పనిచేసిన జెర్క్సెస్ దేశాయ్ చాలా కాలం ప్రయత్నించాక టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984 జులైలో టైటాన్ వాచెస్‌ను నెలకొల్పాయి. ఫ్యాక్టరీ హోసూరుకు వచ్చింది. యంత్రభాగాల పరిజ్ఞానం ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్స్ ఎబోష్ నుంచి వచ్చింది. కీ ఇచ్చే గడియారాల జోలికి పోకుండా దాదాపు పూర్తిగా బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ మీదే నిలబడాలని కంపెనీ నిర్ణయించుకుంది. హెచ్‌ఎంటీ కూడా క్వార్ట్జ్ చేసింది. కానీ దాని యంత్రాలు, కార్మికుల నైపుణ్యం, డీలర్ల అలవాటు అన్నీ కీ గడియారాలవే. కొత్తదాన్ని పెంచాలంటే తన పాత సరుకును తనే చంపుకోవాలి. టైటాన్‌కు ఆ బాధ లేదు.

అయిదు శక్తుల లెక్కలో టైటాన్ చేసిన పని చాలావరకు ఒకే శక్తి మీద పడింది. ఆనాటి గడియారాల దుకాణంలో అద్దాల అల్మారా వెనక, మసక వెలుగులో, దుకాణదారు ఏది తీసి చూపిస్తే అదే సరుకు. అంటే కంపెనీ దగ్గర కొని అమ్మే దుకాణదారుదే బలం. కంపెనీ తన సొంత షోరూములు తెరిచింది. మొదటిది 1987 డిసెంబరులో బెంగళూరు సఫీనా ప్లాజాలో. పత్రికల్లో పేజీ నిండా మోడళ్ల బొమ్మలు, పక్కనే ధరలు వేసి ప్రకటనలిచ్చింది. ఇంట్లోనే ఏది కావాలో తేల్చుకుని వచ్చిన మనిషి ముందు డీలరు మాట చెల్లదు. టీవీలో మొజార్ట్ సంగీతంతో వచ్చిన ప్రకటనలు గడియారాన్ని బహుమతి వస్తువుగా మార్చాయి. పరీక్ష ప్యాసైతే ఒకటి అని అనుకునే దేశంలో పెళ్లికి ఒకటి, పుట్టినరోజుకు ఒకటి అయింది. హెచ్‌ఎంటీ గడియారాల విభాగాన్ని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది.

ఫ్యాక్టరీ పనివాళ్ల ఎంపిక కూడా ప్రణాళికలో భాగమే. చుట్టుపక్కల పల్లెల నుంచి స్కూలు చదువు అప్పుడే ముగించిన పిల్లల్ని తీసుకుని నేర్పించారు. గడియారం పని తెలిసినవాళ్లు హోసూరులో లేకపోవడం బలహీనతగా రాయాల్సిన సంగతి. పాత అలవాట్లు లేని చేతులు దొరకడంతో అది బలంగా మారింది. 1990ల్లో మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో పల్లె మహిళలు మేడో పేరిట సంఘటితమై టైటాన్‌కు పట్టీల పని చేసిపెట్టారు.

ఇంత లెక్కగా నడిచిన కంపెనీ 1990ల్లో వరసగా రెండు దెబ్బలు తిన్నది. యాన్సాఫ్ పట్టికలో అవి రెండు వేర్వేరు గళ్లు. ఒకటి, ఉన్న సరుకును కొత్త బజారుకు తీసుకెళ్లడం. స్విట్జర్లాండ్ ఉన్న యూరప్‌లో భారతీయ గడియారాన్ని పరిచయం చేయబోయి డబ్బు పోగొట్టుకుంది. రెండోది మరీ ప్రమాదకరమైన గడి: సరుకూ కొత్తదే, బజారూ కొత్తదే. గడియారాల విడిభాగాలు దిగుమతి చేసుకోవడానికి విదేశీ మారకం కావాలి. అందుకని నగలు చేసి యూరప్‌కు ఎగుమతి చేయాలన్నది ఆలోచన. హోసూరులో నగల ఫ్యాక్టరీ కట్టారు. ఈలోగా 1991 సంస్కరణలు వచ్చి మారకం కరువు తీరిపోయింది. ప్రాజెక్టు పుట్టిన కారణం పోయినా ప్రాజెక్టు మాత్రం మిగిలింది. యూరప్ కోసం గీసిన 18 క్యారెట్ల నగలు తనిష్క్ పేరుతో దేశంలోనే అమ్మకానికొచ్చాయి.

బంగారాన్ని ఆస్తిగా చూసే ఇంట్లో 18 క్యారెట్లంటే వందకు 75 పాళ్లే. 22 క్యారెట్లంటే 91.6. ఆడపిల్ల పెళ్లికి కొనే తల్లిదండ్రులకు ఆ తేడా అందంతో భర్తీ అయ్యేది కాదు. దశాబ్దం చివరిదాకా తనిష్క్‌కు నష్టాలే. గడియారాల లాభాలే దాన్ని మోశాయి. వదిలించుకుందామన్న ఆలోచనలూ వచ్చాయి.

నిలబెట్టినవి రెండు. 22 క్యారెట్లకు మారడం ఒకటి. క్యారెట్‌మీటర్ అనే పెట్టె రెండోది. దాని పనితీరు దగ్గరగా చూడదగ్గది. ఊరి కంసాలి నగను గీటురాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి, గీత రంగు చూసి పాళ్లు చెప్పేవాడు. ఆ చూపు మీద నమ్మకమే వ్యాపారం. క్యారెట్‌మీటర్ నగ మీద ఎక్స్ కిరణాలు పంపుతుంది. ఒక్కో లోహం తిరిగి వెదజల్లే కిరణం వేరు కాబట్టి బంగారం ఎంత, రాగి ఎంత, వెండి ఎంత అన్నది గీయకుండా, కరిగించకుండా కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. కొనేవాడు తను తరతరాలుగా వాడిన నగను తెచ్చి అందులో పెట్టించుకున్నాడు. చాలా నగల్లో చెప్పిన పాళ్లు లేవని తేలింది. అంతవరకు తనిష్క్ తన పోటీదారు మరో బ్రాండు అనుకుంది. నిజంగా పోటీ ఇంటి కంసాలి మీద ఉన్న నమ్మకం. అయిదు శక్తుల్లో ప్రత్యర్థి ఎవరో గుర్తించడమే తప్పితే మిగతా నాలుగూ ఎంత చక్కగా నింపినా వృథా. ఈ ఫలితం ఎంత దూరం వెళ్లిందంటే, గడియారాల కంపెనీగా పుట్టిన టైటాన్‌కు ఇవాళ ఆదాయంలో సింహభాగం నగలదే.

ఇదంతా చూసి సొంత నైపుణ్యం మీద ఆధారపడటమే తప్పు అనుకుంటే, హోసూరు గడియారాల ఫ్యాక్టరీ నుంచి 2002లో వచ్చిన టైటాన్ ఎడ్జ్ ఆ మాటకు అడ్డొస్తుంది. గడియారం మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు. హోసూరు ఇంజనీర్లు ఏళ్ల తరబడి పళ్లచక్రాలను, బ్యాటరీని, అద్దాన్ని పల్చబరుస్తూ సాధించారు. నీళ్లు లోపలికి పోకుండా చూడటం అన్నిటికన్నా చిక్కయిన పని. 1990లో సి.కె. ప్రహ్లాద్, గ్యారీ హామెల్ చెప్పిన మూల సామర్థ్యం అనే భావనకు ఇది చక్కని ఉదాహరణ. వేరేవాళ్లు తేలిగ్గా కాపీ కొట్టలేనిదీ, అనేక సరుకులకు పనికొచ్చేదీ ఆ సామర్థ్యం. టైటాన్ తర్వాత ఇతర పరిశ్రమలకు సూక్ష్మ భాగాలు చేసే విభాగాన్నీ పెట్టుకుంది. కానీ ఎడ్జ్ నిలిచింది సన్నదనం వల్ల మాత్రమే కాదు. పూర్తి చేతుల చొక్కా అంచు కిందికి జారిపోయే గడియారాన్ని కోరే ఆఫీసు మనిషి అప్పటికే కంపెనీ ఖాతాదారు.

అదే ఊళ్లో బండ్ల కంపెనీ ఈలోగా మరో పాఠం నేర్చుకుంటోంది. 1994లో టీవీఎస్ సుజుకీ స్కూటీని తెచ్చింది. గేర్లు లేవు, బరువు తక్కువ, సీటు ఎత్తు తక్కువ. కొన్నేళ్లలోనే కాలేజీ అమ్మాయిల, ఉద్యోగినుల బండిగా స్థిరపడింది. విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా ఏ కంపెనీ గేర్‌లెస్ బండినైనా స్కూటీ అనడం మొదలైంది. అంతవరకు బండ్ల కంపెనీలు లెక్కలోకే తీసుకోని కొనుగోలుదారును చేరిన ఈ ఎత్తుకు తర్వాత వెల కూడా చెల్లించాల్సి వచ్చింది. స్కూటర్ అంటే ఆడవాళ్ల బండి అన్న ముద్ర టీవీఎస్‌కే బలంగా అంటింది. హోండా యాక్టివా ఇంటిల్లిపాది బండిగా పాతుకుపోయాక, 2013లో జూపిటర్ వచ్చేదాకా టీవీఎస్‌కు అక్కడ సరైన జవాబు లేకపోయింది.

2001లో సుజుకీ వెళ్లిపోయింది. అదే ఏడాది విక్టర్ వచ్చింది. 110 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌తో హోసూరు పరిశోధన విభాగం సొంతంగా గీసిన బండి. 2002లో టీవీఎస్ మోటార్‌కు నాణ్యతకు ఇచ్చే జపాన్ డెమింగ్ బహుమతి దక్కింది. ద్విచక్ర వాహనాల సంస్థకు ఆ బహుమతి రావడం ప్రపంచంలోనే మొదటిసారి. అమెరికా చట్రాలు ఏ రంగంలో ఉండాలో చెబితే, జపాన్ నాణ్యతా పద్ధతులు మరోవైపు నుంచి వస్తాయి. కొనేవాడు తన మాటల్లో చెప్పింది తీసుకుని దాన్ని ఇంజనీరు కొలతగా మారుస్తాయి. ‘ఎక్కువ దూరం వెళ్తే నడుం పట్టేస్తోంది’ అన్న ఫిర్యాదు సీటు వాలుగా, షాక్ అబ్జార్బర్ బిగువుగా, హ్యాండిల్ ఎత్తుగా విడిపోవాలి. యోజి అకావో పేరుతో ముడిపడ్డ ఈ పద్ధతిని నాణ్యతా విస్తరణ అంటారు. నాలుగు గళ్ల పట్టికలకన్నా ఇది విసుగు పని. ఫలితం మాత్రం దీనిలోనే ఎక్కువ.

పద్ధతి ఉన్నంత మాత్రాన ప్రతి బండీ ఆడదు. మైలేజీయే ఆయుధంగా 2004లో వచ్చిన సెంట్రా నిలబడలేదు. హీరో హోండా స్ప్లెండర్ కట్టిన కోట ముందు, దాని బలమైన వైపునే దాడికి దిగడం ఏ చట్రం ప్రకారమూ తెలివైన పని కాదు. 125 సీసీ ఫ్లేమ్‌ది మరో కష్టం. రెండు స్పార్క్ ప్లగ్గుల ఇంజిన్ తమ పేటెంటుకు విరుద్ధమని బజాజ్ ఆటో కోర్టుకెళ్లింది. 2008 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. వివాదం 2009లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ముప్పుల గడిలో కంపెనీలు సాధారణంగా ధర, దిగుమతి, పెట్రోలు రాస్తాయి. పోటీదారు పేటెంటు దస్తావేజు రాయరు.

ఇక మోపెడ్. బీసీజీ పట్టికలో వాటా ఎక్కువగా ఉండి ఎదుగుదల లేని సరుకును పాడి ఆవు అంటారు. పాలు పిండుకో, మేత మాత్రం తగ్గించు అన్నది దాని సలహా. లూనా, దాని తోటివన్నీ కనుమరుగై టీవీఎస్ ఒక్కటే దేశంలో మోపెడ్ కంపెనీగా మిగిలింది. అయినా సంస్థ మేత ఆపలేదు. 2015లో ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌తో ఎక్స్ఎల్ 100ను తెచ్చింది. కూరగాయల బుట్టలు, గ్యాస్ సిలిండర్లు, మేకపిల్లలు మోసే ఆ బండికి వేరే ప్రత్యామ్నాయం లేదని దానికి తెలుసు. ఇక్కడ పట్టిక కన్నా సంస్థ నిర్ణయమే మేలు.

ఫ్యాక్టరీ గోడల బయట కృష్ణగిరి మామిడి రైతుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అతని ముఖ్యమైన కాయ తోతాపురి. కొరుక్కుతినడానికి రసాల ముందు నిలవదు గాని గుజ్జుకు దీనికి మించిన కాయ లేదు. గుజ్జు ఫ్యాక్టరీలు, వాటి వెనక పానీయాల కంపెనీలు, ఎగుమతి కొనుగోలుదారులు. అంటే కొనేవాళ్లు కొద్దిమంది, అమ్మేవాళ్లు వేలమంది. పైగా కాయ చెట్టు మీద ఆగదు. 2025 జూన్‌లో పంట విరగకాసి ధర పడిపోయినప్పుడు సరిహద్దు అవతలి చిత్తూరు జిల్లా యంత్రాంగం బయటి రాష్ట్రాల తోతాపురిని రానివ్వకుండా ఆపింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు రైతుకు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. కొనుగోలుదారు బలం ఎలా ఉంటుందో చెప్పడానికి పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలకన్నా ఇది సూటిగా ఉంటుంది.

ఎలక్ట్రిక్ బండ్ల దశలో పాత ప్రశ్నే కొత్తగా వచ్చింది. టీవీఎస్ 2020 జనవరిలో ఐక్యూబ్‌ను విడుదల చేసింది. బెంగళూరులో మొదలైన ఏథర్ ఎనర్జీ 2021 ఆరంభంలో హోసూరు ఫ్యాక్టరీకి మారింది. ఓలా ఎలక్ట్రిక్ 2020 డిసెంబరులో తమిళనాడుతో 2,400 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుని కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర 500 ఎకరాల్లో ఫ్యాక్టరీ కట్టింది (చేనేతకు పేరున్న తెలంగాణ పోచంపల్లి వేరు). సింపుల్ ఎనర్జీ శూలగిరికి వచ్చింది. భారీ పరిమాణం, తక్కువ ధర, మధ్యలో డీలరు లేని అమ్మకం ఓలా పందెం. తర్వాత అదీ దేశమంతా దుకాణాలు తెరవక తప్పలేదు. బండి చెడితే కొనేవాడు వెళ్లే చోటు ఒకటి ఉండాలి.

ఏథర్ దారి భిన్నం. 2018లో తెచ్చిన 450 వేగం, పట్టు, తెర మీది సదుపాయాలు ఇష్టపడే కుర్రకారు బండి. ఇంజనీర్లు తమకు నచ్చినట్టు చేసుకున్న బండి అది. మెచ్చుకున్నారు కాని ఇంట్లో నలుగురు వాడే బండిగా కొనలేదు. 2024 ఏప్రిల్‌లో కంపెనీ రిజ్టాను విడుదల చేసింది. సీటు వెడల్పు, కాళ్ల దగ్గర సంచి పెట్టుకునే చోటు ఎక్కువ, వేగం కొంచెం తక్కువ. ఏడాది తిరిగేసరికి ఏథర్ అమ్మకాల్లో సగానికి పైగా రిజ్టావే.